ఎర్రంచు తువ్వాలు

తువ్వాలు సంచిలోనే ఉంది. మళ్ళీ ఒకసారి చెయ్యి పెట్టి చూసుకున్నాను, నీళ్ళ సీసా కింద, పిల్లల గజ్జెల మూట పక్కన, మడత పెట్టింది మడత పెట్టినట్టే ఉంది. ఇన్నేళ్ళూ ట్రంకుపెట్టె అడుగున వేపాకుల మధ్య పడుకుని, ఈ పొద్దున లేచి నాతోపాటు ఆటో ఎక్కి బత్తలపల్లెకు వచ్చింది. ముఖ్య అతిథి ఇంకా రాలేదు. ధర్మవరంలో బయలుదేరాడని ఒకరు, ఇంకా భోంచేస్తున్నాడని ఒకరు, మైకువాడు మాత్రం మరి కొద్ది క్షణాల్లో, మరి కొద్ది క్షణాల్లో అని మధ్యాహ్నం నుంచి అదే మాటను అరగదీస్తున్నాడు. బడి మైదానం నిండా మా సెంటరు పిల్లలు, నడవలేని వాళ్ళు, వినపడని వాళ్ళు, నా కొడుకులా మాట మెల్లగా వచ్చేవాళ్ళు, వాళ్ళ మధ్యన ఊరి బడి పిల్లలు, అందరికీ ఒకే రకం పసుపు బనియన్లు, ఎవరు ఎవరో పోల్చుకోలేకుండా. వెనకాల బ్యానరు మీద ‘అందరం కలిసి ఆడుదాం’ అని రాయించారు. దాని ఒక కొన ఊడి గాలికి టపటపా కొట్టుకుంటోంది. కొట్టుకోనీ. నా పక్కన చక్రాల కుర్చీలో తిప్పయ్య ఉన్నాడు. చెక్కభజన గురువు తిప్పయ్య. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఎంతమంది మగపిల్లల చేతికి చెక్కలిచ్చి, కాలికి గజ్జె కట్టించి, రాములవారి ముందు ఆడించాడో లెక్కలేదు. ఈ రోజు అతన్ని నేను కట్టేస్తాను.

ఎలిజబెత్ మేడం ఇందాకే వచ్చి చెప్పి పోయింది. సెంటరు నడిపేది ఆమే. నాకు ఆయా పని ఇచ్చింది ఆమే. నా కొడుక్కి ముప్పై దగ్గర పడుతున్నా ఊరంతా వాణ్ణి ఏమేమో అని పిలుస్తుంటే, కుళ్లాయప్పా అని నిండు పేరు పెట్టి పిలిచిన మొదటి మనిషి ఆమే. “చిన్నక్కా, గురువయ్యను నీకు అప్పజెప్తాండా. పిల్లోళ్ళు గుండ్రంగా నిలబడ్తారు, కుళ్లాయప్ప పక్కన సందు పెట్టినాం. డోలు మోగంగానే కుర్చీ తోసుకొచ్చి ఆ సందులో పెట్టు. మర్సిపోవద్దు సూడు” అంది. మర్చిపోతానా మేడం, మర్చిపోయే మనిషినైతే ఈ సంచి ఇంత బరువుంటుందా. సరే మేడం అన్నాను. మంచి ఆయమ్మ లాగా తల ఊపాను. ఆమె పోతూ పోతూ గురువయ్య భుజం మీద చెయ్యి వేసి, ఈ పొద్దు మీ పాటే మీ పాటే అని నవ్వింది, అతను కూడా ఒక పక్క మూతితో నవ్వాడు, రెండో పక్క మూతి పక్షవాతం తీసుకుపోయింది కదా, ఆ పక్క నుంచి చొల్లు కారింది, కారీ కారకముందే నా చెయ్యి నా కొంగు తీసి తుడిచేసింది. నన్ను అడగనే లేదు. ఆయా పని చేసీ చేసీ చేతికి అలవాటైపోయింది, ఎవరి నోరు తడిసినా తుడవడమే, అది ఎవరి నోరో చూడదు. చేతి మీద కోపం వచ్చింది. కొంగు కడుక్కోవాలి ఇంటికి పోయి.

ఎండ తిప్పయ్య పాదాల మీదికి వచ్చింది. షామియానా నీడ జరుగుతోంది, ఇంకొంచెం సేపట్లో మోకాళ్ళు, తర్వాత తొడలు, తర్వాత ముఖం. కుర్చీ ఒక మూర వెనక్కి లాగితే నీడలో పడతాడు. లాగను. ఎండకు కాలు తీసుకోవడం అతనికి చేతకాదు, కుడి కాలూ కుడి చెయ్యీ ఉన్నాయంటే ఉన్నాయి, వాటితో అతనికి సంబంధం తెగిపోయింది. ఆ కుడి చెయ్యే. ఆ చెయ్యి పడిపోవాలని నేను మన్ను ఎత్తి పోసి తిట్టాను, రాములవారి పందిరి ముందర, అందరూ చూస్తుండగా. దేవుడికి తీరిక దొరకడానికి ఇన్నేళ్ళు పట్టింది, ఏం చేస్తాం, అనంతపురం వైపు వానైనా అంతే కదా, అందరి మొర అయినాక మా మొర. కానీ వచ్చింది. పోయిన ఎండాకాలం ఒక పొద్దున సెంటరు వరండాలో చీపురు పట్టుకుని ఉన్నాను, గేటు ముందు ఆటో ఆగింది, ధర్మవరంలో మగ్గం నేసే పిల్ల, సునంద అని, మామను సందిట పట్టుకుని దించుతోంది. ఎముకల గూడు లాంటి ముసలాయన. ఎవరో పాపం అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, పాపం అని. “మాట పడిపోయింది అక్కా. నీళ్ళని కూడా అడగల్యాడు. కానీ చెక్కల సప్పుడు ఇనపడితే పాట మాత్రం గడగడా వస్తాది. ఆ సప్పుడు ఇనిపించమని దావఖానాలో చెప్పినారు. మీ సెంటర్లో పిల్లోళ్ళు చెక్కభజన నేర్సుకుంటాండారంట కదా, అందుకని మగ్గం ఆపి ఈడికి పిల్చుకొచ్చినా” అని ఆ పిల్ల గబగబా చెబుతోంది, నేను ఆయన చెవి తమ్మెల వైపు చూస్తున్నాను, ఆ ఎర్రరాయి పోగులు, ఆ పోగుల్ని నేను చచ్చినా మర్చిపోను. చీపురు కింద పడింది.

ఆ పోగులు ఆ రోజు ఎండకు ఎట్లా మెరిశాయి. శ్రీరామనవమి. పందిరి కింద మా ఊరంతా ఉంది. అంతకు ముందు నెలల తరబడి, శెనక్కాయ పంట ఇంటికి చేరి పనుల్లేని రోజుల్లో, తిప్పయ్య సాయంకాలం సాయంకాలం వచ్చి రామాలయంలో మగపిల్లలకు అడుగులు నేర్పాడు. కుళ్లాయిని లోపలికి రానియ్యలేదు. రానియ్యమని అడగడానికి నాకూ నోరు రాలేదు, వాళ్ళ నాయనకు అసలే రాదు. గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కుకుంటే కడుపు పండింది, ఆ పేరే పెట్టుకున్నాం, అందరు పిల్లలూ పరిగెత్తే వయసులో వాడు నడక నేర్చుకున్నాడు, మాట దానికన్నా మెల్లగా వచ్చింది, కానీ కాళ్ళు ఒకసారి నడవడం మొదలుపెట్టాక తాళం విడవలేదు. కిటికీ బయట నిలబడి చూసేవాడు, వాడి వయసు కుర్రాళ్ళందరూ లోపల, వాడు బయట. ఇంటికి వచ్చి వాళ్ళ నాయన చెప్పులు రెండూ రెండు చేతులకు తీసుకుని పాకలో బర్రె ముందర అడుగులు వేసేవాడు. ఠప్పు ఠప్పు ఠప్పు. బర్రె తోక ఊపేది. నేను వంట చేస్తూ నవ్వుకునేదాన్ని. గజ్జెపూజ రోజు, నేర్చుకున్న ప్రతి పిల్లవాడి ఇంటినుంచీ గురువుకు కొత్తబట్ట పెడతారు. మనవాడు లోపల నేర్సుకోలేదు కదమే, మనం పెట్టేదేంది అన్నాడు వాళ్ళ నాయన. కిటికీ కాడ నేర్సుకున్నా విద్దె విద్దెనే అని నేను ధర్మవరం పోయి తువ్వాలు తెచ్చాను, తెల్లది, ఈ ఎర్రంచుది, ఏరి ఏరి తెచ్చాను. తిప్పయ్య భుజం మీద కప్పి కాళ్ళకు దండం పెట్టాను. నా ముఖం చూడలేదు అతను. వరసలో ఇంకొకరు, ఇంకొక తువ్వాలు, అంతే.

ఎవరో పిల్ల నా చీర లాగుతోంది. జ్యోతి, వినపడని పిల్ల, గజ్జె ఊడిందని కాలు చాపి చూపిస్తోంది. కూర్చుని కట్టాను. ఈ పిల్లకు పాట వినపడదు, డోలు వినపడదు, కుళ్లాయి పాదాలు చూసి ఆడుతుంది. అందుకే వాణ్ణి ఎప్పుడూ దాని ఎదురుగా నిలబెడతారు. వాడు తప్పితే ఇది తప్పుతుంది, వాడు తప్పడు. సెంటర్లో ఈ భజన పుట్టిందే వాడి వల్ల, పిల్లలకు ఏదైనా ఆట నేర్పుదాం, ఏం కావాలో మీరే చెప్పండి అని మేడం అడిగితే ఒకరు బంతి అన్నారు, ఒకరు క్యారం అన్నారు, వీడు పోయి పొయ్యి దగ్గరి కట్టెపేళ్ళు రెండు తెచ్చి మేడం ముందు ఠప్పుమనిపించాడు. అంతకాలం తర్వాత. నేను గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. వాడికేమీ గుర్తులేదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. గుర్తుంటే మళ్ళీ ముట్టుకుంటాడా. తిప్పయ్య వచ్చినాక ఇంకా రూఢి అయింది, మొదటి రోజే వీడు పోయి ముసలాయన ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చెక్కలు తొడిగాడు, ఠప్పు అన్నాడు, ముసలాయన నోట్లోంచి పాట ధారగా వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు, మేడం కళ్ళు తుడుచుకుంది. నేను అన్నం మాడబెట్టాను. వాడికి గుర్తులేకపోతే ఏం, నాకు ఉంది. ఇద్దరి వంతూ నేనే గుర్తుపెట్టుకున్నాను. వాడి తల్లిని కదా, వాడు తినలేకపోతే తినిపించాను, చెప్పలేకపోతే చెప్పాను, పగ మాత్రం వాడి తరఫున ఎవరు పడతారు.

ఆ రోజు కూడా వాడికి తల దువ్వి నూనె పెట్టి, ఉతికిన చొక్కా వేసి తీసుకుపోయాను. డోలు మోగింది. మగపిల్లలు గుండ్రంగా కదిలారు. నేను ఆడవాళ్ళ మధ్య ఉన్నాను, వీడు నా పక్కనే ఉన్నాడు, ఎప్పుడు పోయాడో, చూస్తే ఆట మధ్యలో ఉన్నాడు, ఇద్దరి మధ్య దూరి, అడుగుకు అడుగు సరిగ్గా వేస్తూ, చేతుల్లో వాళ్ళ నాయన చెప్పులు. అయ్యో నాయనా. చెప్పులు. వాడికి అవే చెక్కలు, వేరే చెక్కలు వాడికి ఎవరిచ్చారు. జనం మొదట నవ్వారు. తర్వాత ఎవరో, దేవుని ముందరికి చెప్పులు తెచ్చినాడు అన్నారు, అంతే, తాళం ఆగింది. తిప్పయ్య ముఖం కందిపోయింది. “ఎవురిదప్పా ఈ పిచ్చోడు? స్వామి ముందర చెప్పులు ఆడిస్తాండాడు, మీరు పండ్లికిలిస్తాండారా? కట్టేయండి వాన్ని!” కుడిచేత్తో భుజం మీది తువ్వాలు లాగి విసిరాడు. మీద ఎన్నో తువ్వాళ్ళు ఉన్నాయి, పైన ఉన్నది నాది. ఇద్దరు కుర్రాళ్ళు వాణ్ణి పందిరి గుంజకు ఆనించి చేతులు వెనక్కి లాగి దాంతోనే కట్టారు. నేను లేచాను, ఆడవాళ్ళు నన్ను పట్టుకున్నారు, ఆట అయ్యేదాకా ఉండు చిన్నక్కా, గురువుకు కోపమొస్తే ఊరికి మంచిది కాదు అని. వాళ్ళ నాయన నా చెయ్యి పట్టుకుని, పోనీలేమే, పోనీలేమే. ప్రాణం పోయేవరకూ ఆ మాటే అన్నాడు మహానుభావుడు, నేను పోనియ్యలేదు. ఆట మళ్ళీ మొదలైంది. వాడు గుంజకు కట్టి ఉన్నాడు, చేతులు కట్టారు గానీ కాళ్ళు కట్టలేదు కదా, డోలు మోగుతుంటే వాడి కాళ్ళు ఊరుకోలేదు, కట్టిన చోటనే అడుగులు వేశాడు. అది చూసి జనం ఇంకా నవ్వారు. పానకం పంచుతున్నారు, ఆ ఎండలో వాడు నీళ్ళు మా నీళ్ళు మా అన్నాడు, పానకం గ్లాసులు వాడి ముందునుంచే పోయాయి. ఆట అయినాక పోయి చూస్తే ముడి చెమటకు బిగిసి రాయి అయింది. గోళ్ళతో రాలేదు. పళ్ళతో విప్పాను. నోట్లో ఉప్పు, నూలు పీచు. మణికట్టు చుట్టూ ఎర్రటి వాతలు. తువ్వాలు ఎవరికీ అక్కరలేదు, మైల పడిందన్నారు. నేను తెచ్చుకున్నాను. ఉతికాను. దాచాను.

ఆ రోజు నుంచి వాడు చేతికి ఏదీ కట్టనియ్యడు. జాతరలో కంకణం కట్టబోతే పూజారిని తోసేశాడు, బడి పిల్లలు రాఖీ తెస్తే చెయ్యి వెనక్కి దాచుకున్నాడు, ఆసుపత్రిలో చేతికి పట్టీ బిగించి రక్తపోటు చూడబోతే ముగ్గురు పట్టుకున్నా కాలేదు. వాడి తీరే అంత, మొండిఘటం, వాళ్ళ నాయన మేనత్తకు కూడా ఇట్లాంటి పిచ్చి అలవాట్లుండేవట. గజ్జెలు కూడా నేను కడితే ఒప్పుకోడు, ఎలాస్టిక్కు కుట్టి ఇస్తే తొడుక్కుంటాడు. ఎవరి గోల వారిది.

ఎండ తిప్పయ్య ఒళ్ళోకి వచ్చింది. గొంతు కదిలింది, నా సంచిలోంచి పైకి కనపడుతున్న నీళ్ళ సీసా వైపు చూస్తున్నాడు. నన్ను చూస్తున్నాడు. మళ్ళీ సీసాను. నీళ్ళు కావాలి గురువయ్యకు. నీళ్ళు అనే మాట రాదు గురువయ్యకు. పాటలన్నీ వచ్చు, ఈ ఒక్క మాట రాదు. సీసా మూత విప్పాను, నేను ఒక గుక్క తాగాను, మూత పెట్టాను. నాకు సిగ్గు వేయలేదు. వంగి అతని చెవి దగ్గర నోరు పెట్టాను, ఎర్రరాయి పోగు నా పెదవికి తగిలింది. “గురువయ్యా, నేను ఎవురో గుర్తుండాదా నీకు? ఆ పొద్దు శ్రీరామనవమికి చెప్పులు పట్టుకొని ఆడినాడే, వాని అమ్మను. నువ్వు కట్టేయించిన పిల్లోని అమ్మను. ఆ పిల్లోడే రోజూ నీ చేతికి చెక్కలు తొడుగుతాండేది.” సంచిలోంచి తువ్వాలు తీసి అతని కళ్ళముందు విప్పాను. “ఇది గుర్తుండాదా?” ఆ... ఆ... అన్నాడు. చూశాను, బాగా చూశాను, ఆ కళ్ళలో భయం కోసం చూశాను, సిగ్గు కోసం చూశాను, కనీసం కోపం కోసమైనా చూశాను. ఏమీ లేదు. ఎండకు నీళ్ళు కారుతున్న ముసలి కళ్ళు. ఎడమచెయ్యి చాపి తువ్వాలు అంచు తడిమాడు, ఎవరో తనకు కొత్తబట్ట పెడుతున్నారని అనుకున్నాడు కాబోలు, తల కొంచెం వంచాడు, భుజం మీద వేయించుకోవడానికి. ముండమోపి ముసలోడు. మరిచిపోయాడు. జబ్బు వల్ల కాదు, ఆ సాయంత్రానికే మరిచిపోయి ఉంటాడు, ఊరు దాటీ దాటకముందే. నా కొడుకు వాడి జీవితంలో ఒక ఈగ. ఎన్నో ఊళ్ళు, ఎన్నో గజ్జెపూజలు, ఎన్నో తువ్వాళ్ళు. గుర్తుండి ఏడుస్తే వదిలేసేదాన్నేమో, ఏమో, వదిలేసేదాన్ని కాదులే.

కార్లు వచ్చాయి. దుమ్ము లేచింది. మైకువాడి గొంతులో ప్రాణం వచ్చింది. దండలు, శాలువాలు, దీపం వెలిగించబోతే గాలికి ఆరిపోయింది, మళ్ళీ వెలిగించారు, మళ్ళీ ఆరిపోయింది, చేతులడ్డం పెట్టారు. ఎవరూ ఇటు చూడడం లేదు. నేను కుర్చీని వెనక్కి లాగి షామియానా గుంజకు ఆనించాను. అవును, ఇప్పుడు నీడలో పడ్డాడు, పడనీ, నీడ కోసం లాగలేదు నేను. చక్రాలకు బ్రేకు వేశాను. తువ్వాలు అతని నడుం మీదుగా తెచ్చి, కుర్చీ వెనకకు తీసుకుపోయి, గుంజ చుట్టూ తిప్పి, బిగించి ముడి వేశాను. ఒకటి. దాని మీద ఇంకొకటి. తిప్పయ్య ఊపిరి హుక్కుమంది. ఎవరైనా అడిగితే, ఒక పక్కకు జారిపోతాండాడు మేడం, గాలికి కుర్చీ కదుల్తాండాది మేడం అంటాను, ఆయాలు కట్టేది మామూలే కదా. డోలు మోగుతుంది. గజ్జెలు మోగుతాయి. ఇక్కడ కూర్చుని చూస్తాడు. పాట నోటిదాకా వస్తుంది, చెయ్యి లేస్తుంది, లోపలికి మాత్రం పోడు. ఆట అయ్యేదాకా. ఆట అయినాక నేనే విప్పుతాను, తొందరేముంది. 

డోలు మోగింది. పసుపు బనియన్లు గుండ్రంగా తిరిగాయి. కుళ్లాయి నడుం కొంచెం ముందుకు వంచి, తల ఒక పక్కకు వాల్చి, మొదటి దెబ్బ కొట్టాడు. ఠప్పు. జ్యోతి వాడి పాదాల మీద కళ్ళు పెట్టి కదిలింది. నడవలేని పిల్లలు కుర్చీల్లో కూర్చుని చెక్కలు ఆడించారు, ఊరి పిల్లలు ఆ కుర్చీలను తిప్పుతూ అడుగులు వేశారు. ముఖ్య అతిథి ఫోను పైకెత్తాడు. వాడి పక్కన సందు. ఒక కుర్చీ పట్టేంత సందు, అందరూ కదులుతుంటే సందు కూడా వాళ్ళతోపాటు కదిలింది. మేడం అటు నుంచి చెయ్యి ఊపింది, తీసుకురా, తీసుకురా. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను, చూడనట్టు. నా పక్కన ముసలాయన పాట ఎత్తుకున్నాడు. సన్నగా, తప్పు లేకుండా. ఎడమచేతిలో చెక్కలు టిక్కు టిక్కుమన్నాయి, ఒళ్ళు ముందుకు వంగింది, తువ్వాలు పట్టి ఆపింది. మళ్ళీ వంగాడు. మళ్ళీ ఆపింది. వంగు. వంగి చూడు. ఎట్లా ఉంటుందో చూడు.

చెక్కల చప్పుడు ఆగిపోయింది. వాడు ఆగాడు. కుళ్లాయి ఆగాడు, పక్కన సందు చూశాడు, వెనక్కి చూశాడు, ఇటు చూశాడు. వాడు ఆగితే జ్యోతి ఆగింది, జ్యోతి ఆగితే పక్కపిల్ల ఆగింది, డోలువాడొక్కడే నాలుగు దెబ్బలు ఎక్కువ కొట్టి వాడూ ఆగాడు. కుళ్లాయి ఆటలోంచి బయటికి వచ్చాడు. అందరి ముందు నడిచి వచ్చి తిప్పయ్య కుర్చీ పక్కన నిలబడ్డాడు, గుంజ దగ్గర. కుర్చీని తోయబోయాడు, రాలేదు. జనంలో ఎవరో నవ్వారు. ఒకరు నవ్వితే ఇంకొకరు. మైకువాడు “ఏమప్పా, ఆట ఆడ ఉండాది, నువ్వు ఈడ నిలబడితే ఎట్ల, పో పో లోపలికి” అన్నాడు, దాంతో ఇంకా నవ్వారు. ఎండ, దుమ్ము, ఒక గుంజ, గుంజ పక్కన నా కొడుకు, ముందర నవ్వుతున్న జనం. నేనే తెచ్చి నిలబెట్టాను వాణ్ణి మళ్ళీ అక్కడ. నేనే.  “పోరా నాయనా, పో, నువ్వు పోయి ఆడు” అన్నాను.

వాడు పోలేదు. కుర్చీ వెనకకు వచ్చి తువ్వాలు చూశాడు. అంచు చూశాడు. వేళ్ళతో ముడి పట్టుకున్నాడు, వాడి వేళ్ళు లావు, గుండీ పెట్టుకోవడానికే రావు, నేను వేసిన ముడి వాటికి ఎక్కడ లొంగుతుంది. ఒకసారి లాగాడు. వదిలేశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, నోరు పెట్టి, పళ్ళతో ముడి పట్టుకున్నాడు. పక్కపళ్ళతో, తల అటూ ఇటూ తిప్పుతూ. అట్లా విప్పేది నేను. ఒక్కసారే విప్పాను, ఒక్కసారే, వాడి వీపు వెనక, వాడి చేతుల దగ్గర, వాడు నన్ను చూడను కూడా లేదు అనుకున్నాను. మొదటి ముడి వచ్చింది. రెండోది వచ్చింది. తువ్వాలును గుంజ నుంచి తప్పించి, ముసలాయన జారకుండా కుర్చీకి మాత్రం వదులుగా చుట్టి, రెండు వేళ్ళు దూర్చి చూసుకుని, కొసలు నా చేతిలో పెట్టాడు, ముడి వేయడం వాడికి రాదు కాబట్టి. నోట్లో అంటుకున్న నూలు పీచు ఉమ్మేశాడు.

“గట్టిగా కట్టొద్దు మా” అన్నాడు. మెల్లగా, ఒక్కొక్క మాట వెతుక్కుని. కుడి మణికట్టు ఎడమచేత్తో పట్టుకుని చూపించాడు. “నొప్పి. ఈడ.”

నేను ముడి వేశాను. వదులుగా వేశాను. బ్రేకు తీశాను. నా సంచిలోంచి సీసా వాడే తీశాడు, మూత విప్పి ముసలాయన నోటికి పట్టాడు, సగం గొంతులోకి, సగం గడ్డం మీదికి. తర్వాత కుర్చీ తోసుకుంటూ పోయాడు. సందు నిండింది. ఠప్పు. తిప్పయ్య పాట ఈసారి మైకులో వినపడింది, జనం నవ్వు ఆపి చప్పట్లు కొట్టారు, మేడం అటు నుంచి నా వైపు చూసి దండం పెట్టింది, నేనేదో మంచిపని చేశానని. తిప్పయ్యను నేను క్షమించలేదు. ఇప్పటికీ లేదు, ఆ పోగులు చూస్తే నాకు ఇప్పటికీ మండుతుంది. కానీ ఆ నొప్పి వాడిది. ఇన్నేళ్ళూ మణికట్టులో పెట్టుకుని వాడే మోశాడు, ఏం చేసుకోవాలో వాడే చూసుకున్నాడు, నన్ను అడగలేదు. నేనూ వాణ్ణి ఒక్క రోజూ అడగలేదు. ఊరంతా వీడికేం తెలుసు అన్నట్టే నేనూ అనుకున్నాను, వాడి తల్లినై ఉండి. ఆట తిరిగి తిరిగి నా ముందుకు వచ్చినప్పుడల్లా ఎర్రంచు కనపడుతోంది, మళ్ళీ తిరిగి పోతోంది. లోపల అందరూ ఉన్నారు. గుంజ దగ్గర నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను.